హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి తోడుండే ఒక చిన్న సంఘం: మూడేళ్లుగా డబ్బులిస్తూ, దగ్గరుండి చూస్తూ రాస్తున్నా

ముందే చెప్పేస్తా, సంఘం పేరు, ఊరి పేరు రాయను. గుంటూరు వైపు ఒక టౌన్లో, మేడ మీద రెండు గదుల అద్దె వాటాలో నడుస్తుంది. బోర్డు మీద హెచ్‌ఐవీ అన్న మాటే ఉండదు, కావాలనే పెట్టలేదు. ఆ మెట్లెక్కి వెళ్లేవాళ్లని చూసి ఎదురుగా కిరాణా కొట్టులో ఎవరూ గుసగుసలాడకూడదని. పేరు చెప్పకుండా రివ్యూ ఏంటంటారేమో, పాజిటివ్ ఉన్నవాళ్లే కలిసి నడుపుకునే ఇలాంటి సంఘాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, మీకు దగ్గర్లో ఉన్నదానికి సాయం కోసం వెళ్లాలన్నా, చందా ఇవ్వాలన్నా ఏం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా.

నాకు దీనితో పరిచయం మా పిన్ని వల్ల. బాబాయి 2003 చివర్లో పోయాడు. అప్పట్లో హెచ్‌ఐవీ మందులు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. ఎకరం పొలం అమ్మారు, ఆ డబ్బు ఏడాది కూడా రాలేదు. ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో, మొదట కొన్ని రాష్ట్రాల్లోని పెద్దాసుపత్రుల్లోనే, వాటిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. నాలుగైదు నెలల తేడా. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పైకి అనరు.

పిన్నికి ఉందని కూడా అప్పుడే తెలిసింది కానీ మందులు మొదలైంది చాలా ఏళ్ల తర్వాత. ఎందుకంటే అప్పట్లో సీడీ4 కౌంట్, అంటే ఒంట్లో రోగాలతో పోరాడే కణాల లెక్క, పడిపోతేనే మందులు రాసేవారు. 2017 నుంచి కౌంట్‌తో పని లేకుండా పాజిటివ్ అని తేలిన అందరికీ ఇస్తున్నారు. ఇప్పుడు పిన్ని వేసుకునేది రోజుకి ఒక్కటే మాత్ర, టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపి ఒకే బిళ్లలో ఉంటాయి, టీఎల్‌డీ అంటారు. మందులకి గానీ, సీడీ4, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది) పరీక్షలకి గానీ ఏఆర్‌టీ సెంటర్లో పైసా తీసుకోరు. అన్నీ ఉచితమే అయితే ఇంక సంఘం ఎందుకు, దానికి మళ్లీ చందాలెందుకు అని మొదట్లో నేనూ అడిగాను.

పిన్ని చేతిసంచి చూశాక అర్థమైంది. సెంటర్లో ఇచ్చే మందుల డబ్బా తెల్ల ప్లాస్టిక్‌ది, లోపల ముప్పై మాత్రలు, కాస్త కదిలితే చాలు గలగలమంటుంది. బస్సులో పక్కనున్నవాళ్లు అవేం మందులని అడుగుతారన్న భయంతో పిన్ని సెంటర్ బయటే నిలబడి డబ్బాలో దూది కుక్కుతుంది, పైనున్న కాగితాన్ని గోరుతో గీకేస్తుంది, ఇంటికొచ్చాక బియ్యం డబ్బా వెనక దాస్తుంది. కోడలికి తెలియదు. పెళ్లికో పేరంటానికో వెళ్లి రాత్రి అక్కడే ఉండాల్సి వస్తే మాత్ర మానేసేది. అలా మానేస్తూ పోతే వైరస్ మందుకి లొంగకుండా పోతుందని డాక్టర్ గారు చార్టు పెట్టి చెప్పారు, పిన్ని అన్నిటికీ తలూపింది, తర్వాతి పెళ్లికి మళ్లీ మానేసింది.

సంఘంలో పనిచేసే ఒకావిడ ఉంది. ఆవిడకీ ఉంది, పదిహేనేళ్లుగా మందులు వాడుతోంది. ఆవిడ పిన్ని పక్కన కూర్చుని, "వదినా, నేను ఒక మాత్ర కాగితంలో చుట్టి కొంగున ముడేసుకుని పోతా. బంతి భోజనంలో గ్లాసెత్తి నీళ్లు తాగుతూ మింగేస్తా, ఎవరూ చూడరు" అంది. అంతే. అది చార్టులో లేదు, ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు, పాతిక పెళ్లిళ్లలో అదే పని చేసిన మనిషే చెప్పగలదు. పిన్ని అప్పటినుంచి మాత్ర మానలేదు. పోయినసారి వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ పరీక్షకి అందనంత తక్కువ ఉందని వచ్చింది. అలా మందులు వాడుతూ వైరస్‌ని ఆ స్థాయిలోనే ఉంచుకుంటే సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు కూడా, ఈ సంగతి చదువుకున్నవాళ్లలోనూ చాలామందికి తెలియదు, దయచేసి తెలుసుకోండి.

వీళ్ల అసలు పని ఇదే, తోడుండటం. మందులకి రావడం మానేసినవాళ్ల ఇళ్లకి వెళ్తారు, అదీ చీరలమ్మే మనిషిలా బ్యాగు భుజాన వేసుకుని వెళ్తారు, ఇరుగుపొరుగుకి అనుమానం రాకుండా. మిరపకాయ కోతల రోజుల్లో సెంటర్‌కి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, ఎక్కడికెళ్తున్నావని మేస్త్రీ అడిగితే చెప్పడానికి మాట ఉండదు, అలాంటివాళ్లకి తేదీ మార్పించడానికి సెంటర్ వాళ్లతో వీళ్లే మాట్లాడతారు. పెన్షన్ కాగితాలు కూడా దగ్గరుండి పెట్టిస్తారు. ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకి 4,000 వస్తోంది, తెలంగాణలో ఆసరా పెన్షన్ పథకం కింద 2,016 ఇస్తూ వచ్చారు. అర్హత ఉండి కూడా అప్లికేషన్ పెట్టనివాళ్లు ఎంతమందో, కారణం ఒక్కటే, ఆ కాగితం ఎవరి చేతుల్లో పడుతుందోనని టెన్షన్.

ఒక సంగతి వివరంగా చెప్పాలి. పిన్నికి కంట్లో శుక్లం వస్తే ఒక ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలయ్యాక ఆపరేషన్ తేదీ ఇవ్వకుండా ఇవాళ రేపు అని నాలుగుసార్లు తిప్పారు, చివరికి రిసెప్షన్ దగ్గర నలుగురూ వినేలా "మీ కేసు మేం చెయ్యం" అన్నారు. పిన్ని మొహం చూడలేకపోయాను. నేను ఏడుస్తూ సంఘానికి ఫోన్ చేస్తే ఇద్దరు గంటన్నరలో వచ్చారు, 2017 హెచ్‌ఐవీ చట్టం కాపీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మరీ వచ్చారు. ఆ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది, హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం చెయ్యడానికి ఒప్పుకోకపోవడం నేరుగా దానికి విరుద్ధం, మనిషి ఒప్పుకోకుండా ఆ విషయం బయటపెట్టడం కూడా తప్పే. వాళ్లు గొంతు పెంచలేదు. మేనేజర్ గదిలో కూర్చుని ఆ పేజీలు చదివి వినిపించారు. ఆయన సారీ చెప్పి తేదీ ఇస్తానన్నాడు గానీ పిన్ని ఇంక అక్కడ వద్దంది, ఆపరేషన్ వేరేచోట చేయించాం. ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తుంది.

ఇక డబ్బుల సంగతి. మా ఆఫీసులో పద్నాలుగు మందిమి నెలకి తలా 500 వేస్తాం, మొత్తం 7,000. మా వాళ్లెవరికీ పిన్ని సంగతి తెలియదు, తెలిసిన సంఘం అని మాత్రమే చెప్పాను. మాకు బాగా నచ్చింది వాళ్ల లెక్కల నోట్‌బుక్. మనుషుల పేర్లుండవు, నంబర్లే. "17, ఆటో 120. 31, గుడ్లు రెండు అట్టలు, కందిపప్పు కేజీ. 8, పాప స్కూల్ బూట్లు 350." ఇలా ప్రతి పేజీ. మొదట్లో సగం డబ్బు బస్సు ఛార్జీలకే పోయేది. 2025 ఆగస్టు 15 నుంచి ఏపీలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక, ఆ మిగిలిన డబ్బు ఏం చేద్దామని వాళ్లే ఫోన్ చేసి అడిగారు. మగవాళ్ల ఛార్జీలు అలాగే ఉంచి, మిగతాది పిల్లలున్న ఒంటరి తల్లులకి గుడ్లు, వేరుశనగలు, రాగిపిండి, బెల్లం ఇవ్వడానికి పెట్టాం. మిగిలిందని చెప్పి ఏం చేద్దామని అడిగారు చూడండి, నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

అంతకుముందు మేం ఇంకో పెద్ద సంస్థకి ఇచ్చేవాళ్లం. డిసెంబర్ 1న ఎయిడ్స్ దినం సందర్భంగా దుప్పట్లు పంచుతూ, వరసగా నిలబెట్టిన పిల్లల మొహాలు కనిపించేలా ఫోటోలు తీసి దాతల గ్రూపులో పెట్టారు. వాటిలో ఒక బాబు యూనిఫాం మీద స్కూల్ పేరు చదవగలిగేలా ఉంది. తీసెయ్యమని అడిగితే తీసెయ్యడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో అది ఎన్ని ఫోన్లకి వెళ్లిందో! ఈ సంఘంలో మూడేళ్లలో మాకు వచ్చిన ఫోటోలు రెండే, ఒకటి గుడ్ల అట్టలది, ఇంకోటి కొత్తగా కొన్న బరువు చూసే మిషన్‌ది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మాట్లాడుకోవడానికి వేరే గది లేదు, కర్టెన్ అడ్డం పెట్టారు, ఇవతల కూర్చున్నవాళ్లకి మాటలన్నీ వినిపిస్తాయి, ఇది తొందరగా సరిచెయ్యాల్సిందే, పేరు దాచడానికి ఇంత కష్టపడేవాళ్లు గోడ దగ్గర ఊరుకోకూడదు. పది నుంచి ఐదు వరకే తెరుస్తారు, కూలికెళ్లేవాళ్లకి అది కుదరదు. మగవాళ్లు చాలా తక్కువమంది వస్తారు, అందరూ ఆడవాళ్లే కూర్చుని ఉంటే వాళ్లకి మొహమాటం, వాళ్లతో మాట్లాడటానికి ఒక మగ వర్కర్ కావాలి. చందాకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మినహాయింపు కోసం ఇచ్చే 80జీ రసీదు ఓ సంవత్సరం రెండు నెలలు ఆలస్యం చేశారు, మా వాళ్లలో ఇద్దరు దానికే మానేశారు. ఐదు స్టార్లకి నాలుగు ఇస్తా, గోడ కట్టిన రోజు ఐదోది ఇస్తా.

మీరు ఇలాంటి చోటికి చందా ఇవ్వాలనుకుంటే ఒకసారి స్వయంగా వెళ్లండి, లెక్కల పుస్తకం అడగండి, చూపించడానికి ఎంతసేపు తీసుకుంటారో గమనించండి. అందులో మనుషుల పేర్లు కనబడితే మాత్రం ఆలోచించుకోండి. దుప్పట్లు, చీరలు కాకుండా డబ్బే ఇవ్వండి, నెలనెలా ఇవ్వండి, రెండొందలైనా పర్లేదు, ఆటో ఛార్జీ ప్రతి నెలా ఉంటుంది కదా.

మీకో, మీ ఇంట్లోవాళ్లకో అవసరం అయితే 1097కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వాళ్ల ఫ్రీ నంబర్ అది, తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లో పరీక్షా కేంద్రం ఎక్కడుందో, ఏఆర్‌టీ సెంటర్ ఎక్కడుందో అడిగి తెలుసుకోవచ్చు. పిన్నిని ఈ సంఘానికి తీసుకెళ్లకముందు నేను చేసిన మొదటి ఫోన్ కూడా అదే, మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక నిలబడి చేశాను.