గుంటగలగర అని చెప్పి పసుపు పూల తీగ అంటగడుతున్నారు, ఆకు చూసి కొనండి

మిద్దెతోటల వాళ్లకి, ముఖ్యంగా విజయవాడ చుట్టుపక్కల మొక్కలు కొనేవాళ్లకి ఒక మాట. తలనూనెలో వేసుకునే గుంటగలగర పేరుతో ఎవరైనా పసుపు పూల మొక్క చేతిలో పెడితే, డబ్బులిచ్చే ముందు ఆకు చూడండి. నేను చూడలేదు.

జూన్‌లో హైవే పక్కన ఒక నర్సరీలో 6 మొక్కలు తీసుకున్నా, ఒక్కోటి 60 రూపాయలు. కవరు మీద స్కెచ్ పెన్నుతో 'భృంగరాజ్' అని రాసుంది, గుంటగలగరకే ఇంకో పేరు అది. నిజానికి గుంటగలగర కొనాల్సిన మొక్కే కాదు. పొలం గట్ల మీద, కాలవల ఒడ్డున దానంతటదే మొలుస్తుంది. కానీ ఊళ్లో కాలవ గట్టు మీద కోసిన ఆకు నూనెలో వేయడానికి మనసొప్పలేదు, ఆ నీళ్ల సంగతి మీకు తెలిసిందే. సరే, కుండీలో పెంచుకుందామనుకున్నా.

మూడు వారాల్లో కుండీ దాటి కిందికి దిగింది. మట్టి తగిలిన చోటల్లా కణుపు కణుపుకీ వేళ్లు. పక్కన పాలకూర తొట్టిలోకి పాకింది, డ్రెయిన్ పైపు దగ్గర పేరుకున్న మట్టిని కూడా వదల్లేదు. పైన చిన్న చామంతుల్లా పసుపు పూలు. నేను మురిసిపోయి ఫొటోలు తీసుకున్నా కూడా.

శ్రావణంలో తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది. నూనె కాస్తానంటే, "ఏదీ చూపించు" అని ఒక ఆకు తుంచి, అరచేతిలో వేసి బొటనవేలితో నలిపింది. కాసేపు చెయ్యి అలాగే పట్టుకుని చూసింది. "నల్లబడలేదేమే? ఇది గుంటగలగరని ఎవరు చెప్పారు నీకు?" అంది. అసలు గుంటగలగరాకు పసరు ముందు పచ్చగా ఉండి, చూస్తుండగానే నలుపు తిరుగుతుంది. అమ్మమ్మ చేతిలో పసరు పచ్చగానే ఉండిపోయింది.

నాకు అంటగట్టింది వెడీలియా. శాస్త్రీయ నామం స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. పార్కుల్లో, రోడ్డు డివైడర్ల మీద పచ్చటి పరుపులా పెంచేది ఇదే. ఏళ్ల తరబడి చావదు. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల వైపు. ప్రకృతి సంరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వేసిన 100 చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో దీని పేరుంది. వెడీలియా అని చెప్పి అమ్మితే నాకేం పేచీ లేదు, అందం కోసం కావాలనుకున్నవాళ్లు కొనుక్కుంటారు. నూనెలోకి, పచ్చడిలోకి వాడే ఆకు పేరు పెట్టి అమ్మడమే దారుణం.

నర్సరీకి వెళ్లి అడిగితే, "పసుపు గుంటగలగర అని వేరే ఉంటుంది మేడం, ఇది అదే" అన్నాడు. మనం బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే పసుపు పూల రకం నిజంగానే ఉంది. పేరులో వెడీలియా ఉన్నా అది వేరే మొక్క, వెడీలియా కైనెన్సిస్ అంటారు, మందుల్లో వాడతారు. కానీ దాని ఆకు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, చీలికలుండవు. నాకిచ్చినదాని ఆకు పైభాగంలో మూడు మొనలుగా చీలి ఉంది. ట్రైలోబేటా అన్న పేరే అందుకు వచ్చింది. ఫోన్లో రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించా. "ఏదైతేనేం మేడం, బాగా పెరిగిందిగా" అన్నాడు! డబ్బులు వెనక్కివ్వలేదు. బదులుగా తులసి మొక్క ఇస్తానన్నాడు. మా ఇంట్లో నాలుగున్నాయి.

మామూలు గుంటగలగరకి పూలు తెల్లగా, చొక్కా గుండీ అంత ఉంటాయి. ఆకులు ఎదురెదురుగా, కోలగా, తడిమితే గరుగ్గా తగులుతాయి. పువ్వు లేని మొక్కైతే ఒక ఆకు నలిపి చూడనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి. తెల్ల పూలు కదా అని పొన్నగంటిని పట్టుకొచ్చినవాళ్లూ ఉన్నారు, అదైతే కనీసం కూర వండుకోవచ్చు. ఎండబెట్టిన పొడి పొట్లాల సంగతి నన్నడక్కండి, అందులో ఏ ఆకు నూరారో చూసి చెప్పడం మన వల్ల కాదు.

ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు కణుపు ముక్క కూడా మిగలకుండా పీకండి. విత్తనంతో పనిలేదు దానికి, ముక్క చాలు. పీకింది బందరు కాలవలోనో, ఖాళీ స్థలంలోనో పారేయొద్దు, అక్కడే నాటుకుంటుంది. నేను గోనెసంచిలో కట్టి మేడ మీద ఎండకి పడేశా, పెళపెళలాడేదాకా విప్పలేదు.

360 రూపాయలు పోతే పోయాయి. పూలు బాగున్నాయని పక్కింటి ఆంటీ అడిగితే జులైలోనే ఒక కొమ్మ తుంచి ఇచ్చాను. ఆవిడ కుండీలో కాదు, కింద నేలలో నాటారు. ఇప్పుడది వాళ్ల గోడ పొడవునా పాకింది. ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్లి పీకుతున్నా, ఆంటీ కాఫీ ఇస్తున్నారు గానీ మునుపటిలా మాట్లాడట్లేదు.