బోరు పాయింట్ సర్వే (గుంటూరు): ఏ నేలలో ఎంత నమ్మొచ్చు?

కొబ్బరికాయ, వేపపుల్ల పద్ధతి కాదిది. గుంటూరులో దొరికే ఈ రెసిస్టివిటీ (నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచే) సర్వేలో నాలుగు ఇనుప కడ్డీలు ఒకే వరసలో దిగ్గొడతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. బయటి కడ్డీలు దూరం జరిగేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. 100 మీటర్ల లోతు చూడాలంటే 300 నుంచి 400 మీటర్ల వరస కావాలి. ఊళ్లో 200 గజాల స్థలానికి ఇది దండగ.

పనితీరు బాగుంది. ఎండాకాలం నల్లరేగడి బీటలు తీసి కడ్డీకి మట్టి అంటదు, రీడింగ్ ఊగిపోతుంది. ఈ సర్వేవాళ్లు కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పోసి, రీడింగ్ నిలిచాకే రాసుకుంటారు. కరెంటు తీగల కింద అసలు కొలవరు.

లోపమల్లా రిపోర్టులోనే. రీడింగ్ తక్కువ వస్తే నీళ్లున్నట్టే రాసేస్తున్నారు. రేపల్లె వైపు బంకమట్టి, ఉప్పునీళ్లు కూడా అలాగే తక్కువ చూపిస్తాయి. పక్క బావి నీటిని టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు కొలిచే) మీటరుతో చూడందే అక్కడ బోరు దించకూడదు.

పిడుగురాళ్ల సున్నపురాయి నేలకు ఒక్క పాయింటు సర్వే చాలదు. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పగుళ్లను కరిగించి సందులు చేస్తుంది. బెలుం గుహలు ఏర్పడిందీ సున్నపురాయి ఇలా కరిగే. సందు తగిలిన బోరు నీళ్లు పోస్తుంది, పది మీటర్ల పక్కది ఎండుతుంది. అక్కడ చేనంతా అడ్డంగా వరసలు కొలవమని ముందే అడగండి, రీడింగుల కాగితం కూడా తీసుకోండి.