పాచి పట్టే వాకిట్లో ప్రెషర్ వాషర్: కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. ప్రెషర్ వాషర్, అంటే నీళ్లని బలమైన ధారగా కొట్టి నేల కడిగే యంత్రం, మంచి వస్తువు, మళ్లీ కొనమన్నా కొంటాను. కానీ మా వైపు తేమకి అది ఒక్కటే సరిపోదు. పాచిని యంత్రం కడుగుతుంది గానీ చంపదు. చంపే పని వేరే ఉంది. ఆ పని చేయకుండా ఎంత ప్రెషర్ కొట్టినా కొద్ది వారాల్లో వాకిలి మళ్లీ పచ్చబడుతుంది. కొన్న కొత్తలో ఈ మాట చెప్పేవాళ్లు నాకు దొరకలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. అటు మహేంద్రగిరి కొండలు, ఇటు అడుగు తీసి అడుగేస్తే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. జూన్ మధ్యలో మొదలైన వానలు అక్టోబరు దాకా వదలవు. వాన లేని రోజు కూడా ఆరేసిన బట్ట సాయంత్రానికి చెమ్మగానే ఉంటుంది. గేటు నుంచి పోర్టికో దాకా మా ఇంటికి సుమారు పది అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు కాంక్రీటు బాట ఉంది. దానికి ఒక పక్క ప్రహరీ గోడ, గోడ అవతల పక్కింటి పనస చెట్టు. వానలు పడ్డ కొద్ది రోజులకే గోడ వారన పచ్చటి పాచి మొదలవుతుంది. శ్రావణం వచ్చేసరికి అది నల్లబడి కాంక్రీటుకి అతుక్కుపోతుంది. నాన్నగారు కర్ర పట్టుకుని నడుస్తారు, అమ్మ తెల్లారకుండానే తులసికోటకి నీళ్లు పోయడానికి వెళ్తుంది. ఆ వయసులో ఒక్కసారి జారితే తుంటి ఎముక విరుగుతుందేమోనన్న భయం ఇంట్లో అందరికీ ఉండేది. అందం కోసమైతే ఇంత ఖర్చు పెట్టేవాణ్ణి కాదు.

యంత్రం 2019లో కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. పది వేల లోపు దొరికే ఇంటి వాడకం యంత్రాలన్నీ లోపల దాదాపు ఒకే రకం. డబ్బా మీద 120 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) అని ఉంటుంది గానీ అది గరిష్ఠం. పని చేసేటప్పుడు వచ్చేది అంతకంటే బాగా తక్కువ, ఎనభై తొంభై బార్‌లు అనుకోండి. నిమిషానికి ఏడు లీటర్ల దాకా నీళ్లు తీసుకుంటుంది. గంట సేపు ఆపకుండా కొడితే నాలుగు వందల ఇరవై లీటర్లు. మా బాట మొత్తానికి రెండు గంటలు పడుతుంది కాబట్టి మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నింపి పెట్టుకుంటే చాలు. మామూలు పైపు తెరిచి పెట్టి కొబ్బరి చీపురుతో ఇద్దరు తోమినా నీళ్లు ఇంతకంటే ఎక్కువే పోతాయి, నడుము నొప్పి అదనం.

ఇక అసలు విషయం. కాంక్రీటు పైకి గట్టిగా కనిపించినా లోపలంతా సన్నటి రంధ్రాలు. వాన నీళ్లు వాటిలో నిలుస్తాయి, పాచి పోగులు కూడా అందులోకే దిగుతాయి. యంత్రం పైపొరని లేపేస్తుంది, చూడటానికి తెల్లగా వస్తుంది, లోపల మిగిలినది మళ్లీ చిగురిస్తుంది. ఉత్త నీళ్లతో కడిగిన ఏడాది జ్యేష్ఠంలో కడిగితే బాహుడా నాటికి, అంటే జగన్నాథుడి రథాలు గుడికి తిరిగొచ్చేసరికి, గోడ వారన మళ్లీ పచ్చదనం కనిపించింది. ముందు బ్లీచింగ్ పెట్టి తర్వాత కడిగిన ఏడాది వినాయక చవితి దాకా నిశ్చింతగా ఉన్నాం. అప్పటి నుంచి బ్లీచింగ్ లేకుండా యంత్రం బయటికి తీయడం మానేశాను.

బ్లీచింగ్ పౌడర్ ఎలా కలపాలో చెప్తాను. తాజా పౌడర్‌లో క్లోరిన్ సుమారు మూడో వంతు ఉంటుంది. లీటరు నీళ్లకి ముప్ఫై గ్రాములు వేస్తే ఒక శాతం ద్రావణం వస్తుంది, మా పాచికి అది చాలు. ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున తెల్లటి సున్నం మడ్డి చేరుతుంది. పైన తేరిన నీళ్లే తీసుకోవాలి, మడ్డితో పోస్తే ఆరాక బాటంతా తెల్ల మచ్చలు. మొక్కలకి నీళ్లు పోసే డబ్బాతో చల్లి పదిహేను ఇరవై నిమిషాలు వదిలేయండి. ఆరిపోనివ్వకూడదు. ఎండకి క్లోరిన్ బలం త్వరగా పోతుంది, కాబట్టి మబ్బు పట్టిన పూటో సాయంత్రమో మంచిది. నల్లటి పాచి గోధుమ రంగులోకి తిరిగితే చచ్చినట్టు లెక్క. ఆ తర్వాత యంత్రం.

పౌడర్ విషయంలో మా వాతావరణం చేసే మోసం ఒకటుంది. మూత సరిగా లేని సంచిలో ఉంచితే గాలిలోని తేమకే బలం పోతుంది. కిందటి ఏడాది మిగిలిన సంచి వాసన రాకపోతే పారేయండి, కొత్తది పెద్ద ఖరీదేం కాదు. కొన్న వెంటనే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చేయండి. రేకు డబ్బా అయితే తుప్పు పట్టిపోతుంది.

ఇంకో మాట, ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ని బ్లీచింగ్‌తో కలపకూడదు, ఒకటి పోసిన చోట వెంటనే రెండోది పోయకూడదు. విషవాయువు వస్తుంది. అసలు యాసిడ్ కాంక్రీటునే తినేస్తుంది, వాకిట్లో దానికి పనే లేదు. బ్లీచింగ్ నీళ్లని యంత్రం లోపలికి కూడా పంపొద్దు, పంపులోని రబ్బరు సీళ్లు పాడవుతాయి. చల్లే ముందు తులసికోట చుట్టూ, మొక్కల మొదళ్ల దగ్గర మామూలు నీళ్లు బాగా పోసి ఉంచండి. కడిగిన నీళ్లు కాలువలోకి పోయేలా చూసుకోండి.

కడిగే తీరు గురించి. నాజిల్‌ని, అంటే ధార వచ్చే మూతిని, నేలకి జానెడు కంటే దగ్గరికి తీసుకెళ్లొద్దు. నేను యంత్రం కొనకముందు కూలికి పిలిచిన ఒకతను సన్నటి సూటి ధారతో గేటు దగ్గర ఒక పట్టీ కొట్టి వెళ్లాడు. ఆ రోజు అన్నిటికంటే తెల్లగా వచ్చింది ఆ పట్టీయే. ఇప్పుడు ప్రతి వానాకాలం మొదట పచ్చబడేదీ ఆ పట్టీయే! పైన ఉండే నున్నటి సిమెంటు పొర లేచిపోయి ఇసుక బయటపడింది, ఆ గరుకులో తేమ, మట్టి ఇరుక్కుంటున్నాయి. అక్కడ వేలితో రాస్తే ఇప్పటికీ ఇసుక రేణువులు తగులుతాయి. కాంక్రీటుని పాడు చేయడానికి ఒక్క పూట చాలని దాన్ని చూస్తే తెలుస్తుంది. అందుకే నేను ఇరవై అయిదు డిగ్రీల విసనకర్ర ధార మాత్రమే వాడతాను. గిరగిరా తిరిగే టర్బో నాజిల్ పాత బాట మీద వద్దు. కొత్తగా పోసిన కాంక్రీటయితే ఇరవై ఎనిమిది రోజులైనా నిండాలి, ఇంకా ఆగితే ఇంకా మంచిది.

చేత్తో గన్ (ధార కొట్టే పిడి) ఊపుతూ కడిగితే ఆరాక చారలు చారలుగా కనిపిస్తుంది. దీనికి మందు గుండ్రటి సర్ఫేస్ క్లీనర్. మూకుడు బోర్లించినట్టు ఉంటుంది, లోపల రెండు నాజిళ్లు తిరుగుతాయి. విడిగా కొనుక్కోవాలి. చిన్న యంత్రానికి తగ్గ చిన్న సైజుదే తీసుకోండి, పెద్దదైతే మన నీళ్లకి సరిగా తిరగదు. నెమ్మదిగా తోస్తే కాంక్రీటంతా ఒకే రంగులో వస్తుంది, చిమ్మిన బురద గోడకి పడదు. యంత్రం కంటే ఈ చిన్న వస్తువే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది. సంక్రాంతి నెల పెట్టాక మా ఆవిడ వేసే ముగ్గు ఇప్పుడు గేటు నుంచి మెట్ల దాకా చెదరకుండా నిలుస్తోంది.

ఎండిపోయి పెచ్చుకట్టిన పాచి అయితే ముందు రోజు సాయంత్రం తడిపి వదలండి. వాన తెరిపి ఇచ్చిన మర్నాడు కడిగితే సగం శ్రమే. కారు కింద పడ్డ నూనె మరకకి ముందు బట్టల సబ్బు పొడి వేసి తోమాలి. తుప్పు మరక ప్రెషర్‌కీ బ్లీచింగ్‌కీ పోదు.

యంత్రం సంగతి. నాది కార్బన్ బ్రష్‌ల మోటారు, తేలిక, చవక, మోత ఎక్కువ. మధ్యాహ్నం పూట వేస్తే వీధంతా లేస్తుంది. ఇండక్షన్ మోటారుది బరువు, ఖరీదు, కానీ ఎక్కువ సేపు నడుస్తుంది. మా అంత వాకిలికి నాది సరిపోయింది. మోటారు లోపల అరిగిపోయే ఆ కార్బన్ బ్రష్‌లు ఒకసారి మార్చాను. ఓ-రింగులు (అతుకుల దగ్గర నీరు కారకుండా ఆపే రబ్బరు చుట్లు) తరచూ పోతాయి, గన్ దగ్గర నీరు కారడం మొదలైతే అవే అనుకోండి. మా బోరు నీళ్లలో ఎర్ర మడ్డి ఉంది, అందుకని నీళ్లు లోపలికి వెళ్లే చోటి జల్లెడ ప్రతిసారీ విప్పి కడుగుతాను. అది పూడితే ప్రెషర్ ఎగుడుదిగుడుగా వస్తుంది, జనం మోటారు పాడైందనుకుంటారు. ఇలాంటి యంత్రాల్లోకి నలభై డిగ్రీలు దాటిన నీళ్లు పోనివ్వకూడదని వాటి పుస్తకంలో రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లు ఆ వేడికి సులువుగా చేరతాయి. కాబట్టి వేసవిలో పొద్దున్నే పని ముగించండి.

అన్నిటికంటే ఎక్కువ పాడు చేసేది వాడని కాలం. పని అయ్యాక స్విచ్ ఆపి, కుళాయి కట్టేసి, గన్ నొక్కి లోపలి ప్రెషర్ వదిలేయాలి. తర్వాత నీళ్లు వంచేసి, నీడన ఆరబెట్టి ఇంటి లోపల పెట్టండి. కార్ల షెడ్డులో వదిలితే ప్లగ్గు పిన్నులకి చిలుం పడుతుంది, ఎలుకలు పైపు కొరుకుతాయి.

కరెంటు విషయంలో రాజీ వద్దు. ఇది పదిహేను వందల వాట్ల యంత్రం, దాదాపు ఏడు ఆంపియర్లు లాగుతుంది. పదహారు ఆంపియర్ల సాకెట్, మంచి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండి తీరాలి. పొడిగింపు తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది తీసుకోండి, దాని అతుకు తడి నేల మీద ఉండకూడదు. కాళ్లకి గమ్‌బూట్లు, కళ్లకి అద్దాలు. ధార ఒంటికి తగిలితే చర్మం లోపలికి దూసుకుపోతుంది, పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన దెబ్బ అది. పిల్లలకి గన్ ఇవ్వకండి.

పాతపట్నంలో మా మావయ్య వాళ్ల వాకిలి పేవర్ బ్లాకులది. అక్కడ ఒకసారి కడిగాం. "అల్లుడూ, సందుల్లో ఇసకంతా లేచిపోనాదేటి!" అని గాభరా పడ్డాడు. బ్లాకుల మధ్య ఇసుకే వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది, ధార దాన్ని తవ్వేస్తుంది. కడిగాక ఆరనిచ్చి మళ్లీ ఇసుక చిమ్మి సందులు నింపాం. బ్లాకులున్నవాళ్లు ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

కడగటం కంటే బాగా పని చేసింది నేను చూసినది ఒకటే, ఎండ. 2018 అక్టోబరు 11న టిట్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా బాగా దెబ్బతింది. మా వీధిలోనూ చెట్లు పడ్డాయి. గేటు వైపు నీడనిచ్చే మామిడి పోయింది. ఆ తర్వాతి వానాకాలం అటు సగం బాట, ఆ చెడిన పట్టీ తప్ప, తెల్లగానే ఉంది, పనస నీడ పడే సగం మాత్రం ఎప్పటిలా పచ్చబడింది. కాంక్రీటు ఒకటే, వాన ఒకటే. చెట్టు కొట్టమని ఎవరికీ చెప్పను, ఆ మామిడి పోయినందుకు ఇప్పటికీ బాధే. కానీ పక్కింటివాళ్లని అడిగి ఏటా వైశాఖంలో కొన్ని కొమ్మలు కత్తిరిస్తున్నాం. రాలిన ఆకులు బాట మీద కుళ్లనివ్వం. గోడ వారన నీళ్లు నిలిచే పల్లాన్ని మేస్త్రీతో సరిచేయించి కాలువ వైపు వాలు పెట్టించాం. వీటి వల్ల వానాకాలంలో మధ్యలో ఒకసారి బ్లీచింగ్ నీళ్లు చల్లితే చాలుతోంది, యంత్రం ఏడాదికి రెండుసార్లే దిగుతోంది. వానలకి ముందు ఒకసారి, దసరా దాటాక ఒకసారి.

పైన పూసే సీలర్ల గురించి చాలామంది అడుగుతారు. మెరిసే పొర కట్టే రకం తేమలో పెచ్చులు లేస్తుంది, తడిస్తే జారుతుంది, ముసలివాళ్లున్న ఇంటికి అసలు వద్దు. కాంక్రీటు లోపలికి ఇంకిపోయే రకం నయం. అది కూడా బాట పూర్తిగా ఆరాకే పూయాలి, మా వైపు అది మాఘ ఫాల్గుణాల్లోనే కుదురుతుంది.

మీ వాకిలి నూటయాభై చదరపు అడుగుల లోపు ఉంటే యంత్రం కొనకండి. బ్లీచింగ్, గట్టి బ్రష్, కుళాయి పైపు చాలు. అంతకంటే పెద్దదయితే, లేదా ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు కలిసి వాడుకుంటామంటే తప్పకుండా తీసుకోండి. కొనేటప్పుడే ఓ-రింగుల సెట్టు, ఒక జత కార్బన్ బ్రష్‌లు, ఒక జల్లెడ కూడా తెప్పించి పెట్టుకోండి. మా ఊళ్లో ఇవి అడిగిన రోజున దొరకవు. బరంపురం నుంచో విశాఖపట్నం నుంచో వచ్చేలోగా వానలు మొదలైపోతాయి.