టోబా బూడిద కోసం జ్వాలాపురం దాకా

యాగంటి, బెలుం గుహలు కలిపి చూసి వచ్చే కర్నూలు వాళ్లు చాలామందే ఉంటారు. ఆ చుట్టుపక్కలే ఉన్న జ్వాలాపురం వైపు తిరిగేవాళ్లు మాత్రం అరుదు. సంక్రాంతి సెలవుల్లో నాన్నను, తమ్ముణ్ని వెంటబెట్టుకుని మూడూ చూశాను. మళ్లీ బయలుదేరితే మొదట వెళ్లేది జ్వాలాపురానికే.

బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో ఉంది ఈ ఊరు. 2022లో నంద్యాల జిల్లాలో చేరినా మా నోట ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది. ఊరి బయట తవ్విన గోతుల అంచుల్లో మట్టి పొరల మధ్య తెల్లటి చార కనిపిస్తుంది. ఒకచోట అది రెండున్నర మీటర్ల మందం. అదంతా సుమత్రా దీవి నుంచి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి పడిన బూడిద.

సుమారు 74,000 ఏళ్ల కిందట అక్కడ టోబా అగ్నిపర్వతం పేలింది. అడుగున ఉన్న శిలాద్రవం ఎగజిమ్మి ఖాళీ కావడంతో పైనున్న నేల ఆధారం లేక కుంగిపోయింది. అలా కుంగిన పల్లాన్ని కాల్డెరా అంటారు. అందులో నీరు నిండి టోబా సరస్సు అయింది. పొడవు దాదాపు 100 కిలోమీటర్లు, వెడల్పు 30, లోతు 500 మీటర్ల దాకా. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లినా ఆ పొడవు పూర్తి కాదు! తర్వాత శిలాద్రవం కింది నుంచి మళ్లీ నెట్టడంతో సరస్సు అడుగే పైకి లేచింది. నడుమ ఉన్న సమోసిర్ దీవి అలా పుట్టిందే.

జుర్రేరు లోయలో నేరుగా రాలింది కొన్ని సెంటీమీటర్లే. చుట్టూ కొండవాలుల మీద పడినదాన్ని నీళ్లు కడిగి పల్లానికి చేర్చడంతో ఇంత మందం వచ్చింది. ఈ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని పురావస్తు శాస్త్రవేత్తలు పెట్రాగ్లియా, కోరిశెట్టర్ బృందం 2007లో ప్రకటించింది. అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారన్న వాదనకు ఆధారం మన ఊళ్లోనే ఉంది.

చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాను. మొదట ముగ్గుపిండిలా మెత్తగా అనిపించింది, గట్టిగా ఒత్తితే సన్నని గరగర. నాన్న తన భూతద్దం కింద ఎండకు పెట్టి చూస్తే తళుక్కుమంది. అది నిజంగా గాజే. కరిగిన రాయి పేలుడులో తునకలై చటుక్కున చల్లారితే గాజుపొడి అవుతుంది. పక్క చేనులో కంది కోస్తున్న అవ్వ మమ్మల్ని చూసి, "అంట్లు తోమే పొడికి తవ్వి పట్టుకుపోయేవాళ్లు నాయనా, మీరూ అందుకే వచ్చారా?" అని అడిగింది. ఆ మాట వినగానే నాకు కడుపులో దేవినట్లయింది.

బస సంగతి. మొదటి రాత్రి బనగానపల్లెలో ఒక లాడ్జిలో దిగాం. తెల్లవారుజామున నీళ్లు రాలేదు, అడిగితే బకెట్టు తెచ్చి ఇచ్చారు. రెండో రాత్రి యాగంటి సత్రం ఎంతో నయం. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, భోజనం వేడిగా పెట్టారు. పెద్దవాళ్లతో వెళ్తే యాగంటిలోనే ఉండండి. పుష్కరిణిలో పొద్దున్నే స్నానం చేసి, పెరుగుతాడని చెప్పే బసవన్నను జనం రాకముందే చూడవచ్చు. ఉదయం తిన్న ఉగ్గాని, బజ్జి ఈ ప్రయాణంలో అన్నిటికన్నా రుచి.

బెలుంలో ఏర్పాట్లు బాగున్నాయి. దీపాలు, మెట్లు, లోపలికి గాలి వచ్చే మార్గాలు ఉన్నాయి. మొత్తం 3,229 మీటర్లలో సందర్శకులకు తెరిచింది కిలోమీటరున్నర. ఉక్కపోత వల్ల నాన్న సగంలోనే వెనక్కి వచ్చేశారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుహలో బాగా లోతున ఉన్న పాతాళగంగ దాకా దిగకపోవడమే మంచిది.

జ్వాలాపురంలో మాత్రం బూడిద పొర దగ్గర మాకు ఒక్క బోర్డు కూడా కనిపించలేదు. బనగానపల్లె నుంచి ఆటో మాట్లాడుకుని, ఊళ్లో దారి అడిగి, రైతుకు చెప్పి చేలోకి దిగాలి. నీళ్లు వెంట తీసుకెళ్లండి. నాలుగు స్తంభాలు, ఒక కంచె, తెలుగులో రాసిన ఒక పలక, ఇంతే అడుగుతున్నాను. వెళ్లినవాళ్లు గుర్తుగా చిటికెడు కూడా తెచ్చుకోకండి. నాన్న తన చేతికి అంటినదాన్ని కూడా ఆ గోతి అంచునే దులిపి వచ్చారు.