నెల్లూరులో ఒక చిన్న చేనేత బ్రాండ్: బట్టకు వంక పెట్టలేం, డెలివరీతోనే టెన్షన్

మాగుంట లేఅవుట్‌లో మేడ మీద రెండు గదులు. ఒకామె, ఇద్దరు టైలర్లు, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ, బ్రాండంటే అంతే. తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

పాటూరు, వెంకటగిరి నుంచి నూలు బట్ట తెప్పించి కుర్తీలు, పిల్లల గౌన్లు కుట్టిస్తుంది. చేనేత అని చెప్పి మరమగ్గం బట్ట అంటగట్టేవాళ్లు మనకు కొత్త కాదు, అందుకే నేను ఎక్కడికి వెళ్లినా ముందు బట్ట తాను (చుట్ట) విప్పించి అంచు చూస్తాను. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా పెట్టే పుల్ల మొనలు గుచ్చుకుని రెండు అంచుల వెంబడీ సన్న బెజ్జాలు పడతాయి, ఇక్కడ అవి కనిపించాయి. అదొక్కటే రుజువు కాదనుకోండి, కానీ అడగ్గానే విసుక్కోకుండా బట్ట తాను తెచ్చి పరిచింది, అది నచ్చింది.

కుర్తీ తిరగేసి చూస్తే ఇంకా నచ్చింది. పక్క కుట్ల దగ్గర లూజు చేసుకోవడానికి బట్ట బాగానే వదిలారు, ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు) నీట్‌గా ఉంది, జేబు కూడా ఫోన్ పట్టేంత ఉంది (ఆడవాళ్ల బట్టల్లో ఇది చిన్న విషయమా!). బట్టను ముందే తడిపి ఆరబెట్టి తర్వాతే కోస్తారట, ఎన్నిసార్లు ఉతికినా నాది పొట్టి కాలేదు.

రేటు 1,800 నుంచి 2,450. చిన్న బజారు రేట్లతో పోలిస్తే ఎక్కువే, కానీ నేత కూలి, కుట్టు కూలి లెక్కేస్తే ఆమెకు మిగిలేది పెద్దగా ఉండదు. 2,450 దగ్గర ఎందుకు ఆపిందంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 దాకా ఉన్న రెడీమేడ్‌కు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. అంతకుముందు వెయ్యి దాటితే 12 ఉండేది, అంటే కుర్తీలకు మేలే జరిగింది, దెబ్బంతా పెళ్లి లెహంగాల మీద పడింది. అందుకే ఇప్పుడు అవి ఆర్డర్ మీదే కుట్టిస్తోంది.

ఇక తిట్లు. నాకు నచ్చిన నీలం కుర్తీ మా చెల్లెలికి కూడా కావాలంటే, "ఆ రంగు మళ్లీ అట్టనే రాదక్కా, అద్దకం మారిపోద్ది" అంది. నిజమే, ఒక పడుగు (మగ్గం మీద ఎక్కించే నిలువు దారాలు) అయిపోయాక మళ్లీ నూలు అద్దితే ఛాయ కొంచెం మారుతుంది, పైగా నాలుగు కుర్తీల కోసం ఎవరూ మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించరు. అదంతా ఒప్పుకుంటాను. కానీ జనం మళ్లీ మళ్లీ అడిగే ఆ ప్లెయిన్ కుర్తీకి ఒకేసారి ఎక్కువ నేయించుకోకుండా వారానికో కొత్త డిజైన్ రీల్ పెడుతుంటే బ్రాండ్ ఎట్టా నిలబడుతుంది? లైకులతో టైలర్ల జీతాలు రావు కదా.

శ్రావణమాసం పెళ్లికి ఇచ్చిన ఆర్డర్ రెండు వారాలన్నారు, పెళ్లి ముందు రోజు సాయంత్రం చేతిలో పెట్టారు, అదీ చంకల దగ్గర బిగుతుగా. అక్కడే కూర్చోబెట్టి విప్పి సరిచేశారు, డబ్బులు తీసుకోలేదు. అయినా ఆ రోజు బీపీ మాత్రం నాకే పెరిగింది.

రోజువారీ కుర్తీలకైతే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. పెళ్లి బట్టలకు మాత్రం వాళ్లు చెప్పిన గడువు మీద ఇంకో పదిహేను రోజులు వేసుకోండి, సగానికి మించి అడ్వాన్సు ఇవ్వకండి.