పట్టుపురుగులకు మూలికల పొడి: రెండు పంటల్లో వాడి చూశాక

మల్బరీ ఆకుపై చల్లి మేపితే గూడు బరువు పెరుగుతుందని చెప్పి అమ్ముతున్న ఒక పోషకాన్ని హిందూపురంలో పట్టుసాగు సామగ్రి అమ్మే దుకాణంలో కొని, వేసవిలో ఒక పంటకు, కార్తీకంలో మరొక పంటకు వాడాను. మునగాకు, మెంతులు, స్పైరులినా కలిపిన మూలికల పొడి అని పొట్లంపై ఉంది. స్పైరులినా నీటిలో పెరిగే నాచు వంటిది. దానిని మూలికల్లో చేర్చడం కొంత చొరవే. మాంసకృత్తుల శాతం గానీ, గడువు తేదీ గానీ ఎక్కడా ముద్రించలేదు. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు.

చాకీ దశ (లేత పురుగుల మొదటి రెండు దశలు) నుంచే వాడమని పొట్లంపై సూచన ఉన్నా, నేను నాలుగో జ్వరం (పొర విడిచే ముందు మేత మానే నిద్ర) నుంచి పురుగులు లేచి, చివరిదైన ఐదో దశకు వచ్చాకే మొదలుపెట్టాను. పురుగు జీవితం మొత్తంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఐదో దశలోనే తింటుంది, పట్టు గ్రంథి వేగంగా పెరిగేదీ అప్పుడే కనుక, అంతకుముందు చల్లడం దండుగ అనిపించింది. 100 గుడ్ల (పట్టుసాగులో ఒక గుడ్డు అంటే ఒక తల్లి చిలుక పెట్టిన గుడ్లన్నీ) బైవోల్టీన్, అంటే ఏటా రెండు తరాల రకం, పురుగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికే ఈ పొడి కలిపిన నీటిని చల్లిన ఆకు వేశాను.

వేసవి పంటలో తేడా కనిపించింది. మామూలు ఆకు తిన్నవాటి గూళ్లు కిలోకు 615 తూగితే, పొడి తిన్నవి 590 తూగాయి. అయితే రెండింటి నుంచీ కొన్ని గూళ్లు కోసి, లోపలి పురుగును (ప్యూపా) తీసి పట్టు పెంకును విడిగా తూచినప్పుడు, గూడు బరువులో పెంకు శాతంలో చెప్పుకోదగిన తేడా లేదు. పెరిగిన బరువులో ఎక్కువ పాలు ప్యూపాదే అన్నమాట. బరువును బట్టి రైతుకు నాలుగు రూపాయలు అదనంగా రావచ్చు గానీ, దారం తీసే రీలర్ చూసేది పెంకునే. కార్తీకంలో, ఎరువు బాగా పడి నీటి ఎద్దడి లేని వి-1 రకం మల్బరీ తోట ఆకు మేపినప్పుడు ఆ బరువు తేడా కూడా కనిపించలేదు. ఆకు బలహీనంగా ఉన్నప్పుడే ఈ పొడి కొంత ఆసరా అవుతుందని నా అభిప్రాయం.

వాడకంలో అసలు ఇబ్బంది తడి. చల్లిన ఆకును నీడలో అరగంటైనా ఆరబెట్టకుండా వేస్తే పురుగులు మేసే పడక చెమ్మగిల్లి, పురుగుల పెంటకు బూజు పడుతుంది. బూజు సోకి పురుగు చచ్చి గట్టిపడే సున్నపుకట్టు రోగానికి అంతకంటే అనువైన స్థితి లేదు. పొట్లంపై దీని గురించి ఒక్క మాటైనా లేదు. మొదటి రెండు రోజులు నేను తొందరపడి తడి ఆకే వేసి, తరువాత పడకపై సున్నం చల్లుకోవలసి వచ్చింది. కొమ్మలతో మేపేవారికి ఆకు రెండు వైపులా సమంగా తడపడం కూడా కష్టమే.

నీటి ఎద్దడి వేసవిలో, అదీ ఐదో దశ మొదటి మూడు నాలుగు రోజులకు పరిమితం చేసి వాడేవారు కొనవచ్చు. నేను మాత్రం వచ్చే పంటకు దీనిని కొనకుండా, ఎకరాకు ఏటా వేయవలసిన 8 టన్నుల పశువుల ఎరువులో ఇంకా బాకీ ఉన్న భాగాన్ని తోటకు తోలిస్తున్నాను.