షుగర్ పుండు మాన్పుతామని అమ్మే ఆన్‌లైన్ కిట్లతో జాగ్రత్త

షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండును ‘ఆపరేషన్ లేకుండా, కాలు తీసేయకుండా’ మాన్పే కిట్ అంటూ ఆన్‌లైన్‌లో ప్రకటనలు తిరుగుతున్నాయి. అలాంటిది ఆర్డర్ పెట్టబోతుంటే కాస్త ఆగి ఇది చదవండి. మా మామగారికి అది వాడుతూ ఉండగానే ఇన్ఫెక్షన్ ఎముక దాకా పాకింది. ఒక వేలు తీసేశారు. పాదం దక్కింది.

ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం ఉండదు, అదే సరుకు ఇంకో పేరుతో, ఇంకో రంగు డబ్బాలో అప్పుడే కనిపిస్తోంది.

కిట్‌లో ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు, వేడినీళ్లలో కలిపి కాళ్లు నానబెట్టుకోవడానికి పొడి, ఆనెలకు అంటించే ప్లాస్టర్లు, పుండు చుట్టూ పెట్టుకోమని మధ్యలో రంధ్రం ఉన్న స్పాంజి రింగులు ఉన్నాయి. ట్యూబు మీద గడువు తేదీ దగ్గర కాగితం స్టిక్కర్ అంటించి ఉంది. గోటితో గీకితే కింద వేరే తేదీ బయటపడింది. వాళ్ల ‘ముందు – తర్వాత’ ఫోటోలు తీరిగ్గా చూడండి: పుండున్నది ఎడమ కాలు, మానినట్టు చూపించింది కుడి కాలు!

ఆసుపత్రిలో డాక్టర్‌గారు ఆ కిట్‌ను తీసుకురమ్మని ఒక్కొక్కటీ చూశారు. ఆనెల ప్లాస్టర్లలో ఉన్నది శాలిసిలిక్ యాసిడ్. గట్టిపడిన చర్మాన్ని కరిగిస్తుంది, పక్కనున్న మంచి చర్మాన్నీ వదలదు. స్పర్శ తగ్గిన కాలికి ఆ మంట తెలియదు. షుగర్ ఉన్నవాళ్లు వాడకూడదని సరైన కంపెనీల ప్యాకెట్ల మీద రాసి ఉంటుంది, ఇందులో ఆ మాటే లేదు. ఇక కాళ్లు నానబెట్టడం. పుండున్న కాలిని నానబెడితే చర్మం మెత్తబడి, వేళ్ల సందుల్లో పగిలి సూక్ష్మక్రిములకు దారి దొరుకుతుంది. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కాలికి తెలియకపోతే బొబ్బలు కూడా లేస్తాయి. స్పాంజి రింగు పుండుకు ఆసరా అనుకుంటాం కానీ, అది భారాన్ని తీసేయదు, పుండు అంచుల మీదికి నెడుతుంది.

ఆయింట్‌మెంట్‌లో ఏముందో మాకు తెలియదు. దాని పని మాత్రం కళ్లారా చూశాం. పైన పక్కు కట్టి, పుండు ఎండిపోయినట్టు కనిపించింది. మా అత్తయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు. లోపల మాత్రం నివురుగప్పిన నిప్పే.

ఫోన్‌లో మాట్లాడిన ‘స్పెషలిస్ట్’ సంగతి వేరే చెప్పాలి. కాలికి స్పర్శ ఉందా, నాడి అందుతోందా, షుగర్ ఎంత ఉంది, ఏ చెప్పులు వేసుకుంటున్నారు, ఇలాంటివేవీ అడగలేదు. రసి ఎక్కువైంది, వాసన వస్తోంది అని అత్తయ్యగారు చెబితే, "చెడు నీరు బయటికి పోతోందమ్మా, మందు పనిచేస్తున్నట్టే, ఇంకో కోర్సు వాడండి" అన్నాడు. వాసన వస్తోందంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లమనాలి. ఇతను ఇంకో డబ్బా పంపించాడు.

అసలు వైద్యం చూశాక, అలాంటి డబ్బాల్లో లేనిదేమిటో అర్థమైంది. ముందు సన్నటి నైలాన్ పోగుతో అరికాల్లో అక్కడక్కడా తాకి, కళ్లు మూసుకుని ‘తెలుస్తోందా’ చెప్పమన్నారు. అది 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్. బొటనవేలి కింద తాకినప్పుడు మామగారు ఏమీ అనలేదు. అక్కడ స్పర్శ పోయింది. నొప్పి లేదు కదా అని అన్నాళ్లూ ఆ కాలి మీదే నడుస్తూ వచ్చారు. తర్వాత కాలికి రక్తం అందుతోందా అని పాదం దగ్గర నాడి కొట్టుకోవడం చూసి, చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చారు. షుగర్ ఉన్నవాళ్లలో రక్తనాళాలు గట్టిపడి ఆ లెక్క ఒక్కోసారి తప్పుగా బాగున్నట్టు చూపిస్తుందట, అందుకే కాలి వేలి దగ్గర కూడా కొలిచారు. రక్తం సరిగా అందని కాలికి ఏ ఆయింట్‌మెంట్ పూసినా ప్రయోజనం ఉండదు. ముందు రక్తప్రసరణ సంగతి వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టర్) చూడాలి.

ఆ తర్వాత గట్టిపడిన చర్మాన్నీ చచ్చిన కండనూ బ్లేడుతో తీసేశారు. పైకి గింజంత కనిపించిన పుండు లోపల ఎంత వెడల్పుందో అప్పుడు తెలిసింది. మొద్దు మొన ఉన్న సన్నటి కడ్డీ పెట్టి చూస్తే ఎముక గట్టిగా తగిలింది. కొత్తగా సోకిన ఎముక ఇన్ఫెక్షన్ మొదటి రెండు, మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చని ఎమ్మారై కూడా తీశారు. యాంటీబయాటిక్స్ ఇచ్చారు, వేలు తీశారు. మిగిలిన పుండుకు మోకాలి కింది నుంచి పాదం దాకా తీయడానికి వీల్లేని కట్టు వేశారు. అరికాలి పుండుకు అసలు మందు ఈ భారం తప్పించడమేనట. తీసేయగలిగే బూటు ఇస్తే ఇంట్లో రెండడుగులే కదా అని తీసేసి నడుస్తారు కాబట్టి, రక్తప్రసరణ, ఇన్ఫెక్షన్ అదుపులో ఉన్నవాళ్లకు తీయలేని కట్టే మంచిదంటారు. మా మామగారి సంగతి తెలిసినదాన్ని కాబట్టి ఆ మాటకు మారుమాట్లాడలేదు!

కొత్త కండ పెరగడానికి పూసే గ్రోత్ ఫ్యాక్టర్ జెల్లు, పుండులోని రసిని పీల్చేసే వ్యాక్యూమ్ కట్టు లాంటివి నిజంగానే ఉన్నాయి. ఈ మోసగాళ్లు వాటి పేర్లు కూడా వాడుకుంటారు, నమ్మకండి. అవి డాక్టర్ పుండును శుభ్రం చేసి, భారం తప్పించి, ఇన్ఫెక్షన్ అదుపు చేశాక తోడుగా వాడేవి. ఆ పనులకు బదులుగా వాడేవి కావు.

ఇప్పటికే ఇలాంటి కిట్ వాడుతుంటే ఆపేసి పుండును డాక్టర్‌కు చూపించండి. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, వాపు, వేడి, చీము, వాసన ఉన్నా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. పుండు లేకపోయినా ఒక పాదం రెండోదానికన్నా వేడిగా, వాచి ఉంటే అదీ అత్యవసరమే, లోపల ఎముకలు కుంగుతూ ఉండవచ్చు. సరైన వైద్యం మొదలైన 4 వారాలకు కూడా పుండు సగానికి తగ్గకపోతే, వైద్యాన్ని మళ్లీ మొదటి నుంచి సరిచూడమని అడగండి. మానిపోయిందని వదిలేయొద్దు. మానిన పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాదిలోపే తిరగబెడతాయి. అందుకే ఇప్పుడు మా ఇంట్లో రోజూ రాత్రి అరికాళ్ల తనిఖీ ఉంటుంది, మామగారు ఎంత విసుక్కున్నా సరే.

డబ్బు వాపసు అడిగితే ‘సీలు తీశారు కాబట్టి కుదరదు’ అన్నారు. అందుకే డబ్బా, ట్యూబు, బిల్లు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు ఏవీ పారేయకండి. బ్యాచ్ నంబరు, స్టిక్కర్ కింది తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, మందుల నియంత్రణ అధికారులకూ వినియోగదారుల ఫిర్యాదు విభాగానికీ పంపండి. మేం రెండు చోట్లా పెట్టాం, జవాబు ఇంకా రాలేదు. వచ్చాక ఇక్కడే రాస్తాను.